నవ్వడానికి సందు

‘గివ్’ అన్న మాట ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు సూరత్ సిటీ బస్సులో పక్క సీట్లో కూర్చున్నాయన గుర్తొస్తాడు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, తన ఫోన్ నా ముందు పెట్టాడు.

“సార్, జర ఈ ఇంగ్లీషు సూడుండ్రి. ఒక్క తప్పు కూడ ఉండొద్దు.”

‘యూ డిడ్ నాట్ గేవ్ ద కవర్’ అని ఉంది. ‘గేవ్’ కాదు, ‘గివ్’ అన్నాను. దిద్దుకున్నాడు.

మరమగ్గం బెల్టుకు రక్షణగా కవర్ కావాలని అంతకుముందు ఆయనే తను పనిచేసే మిల్లు వాట్సాప్ గ్రూపులో రాశాడట. ఆ తప్పుల ఇంగ్లీషు చూసి మేనేజర్ నవ్వే బొమ్మ పెట్టాడు. వెంటనే గ్రూపంతా నవ్వే బొమ్మలే. కవర్ సంగతి ఎవరికీ పట్టలేదు. వారం తిరక్కుండానే అదే బెల్టులో పడి ఆయన బామ్మర్ది వేళ్లు తెగిపోయాయి.

“సేటు కూడ గదే గ్రూపుల ఉంటడు సార్. ఈసారి నవ్వెటందుకు ఆ మేనేజర్ గానికి సందు దొరకొద్దు.”

చివర్లో ‘సర్’ చేరిస్తే మర్యాదగా ఉంటుందన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. “రెండు వేళ్లు ఇచ్చినం సార్. మర్యాద గూడ మేమే ఇయ్యాల్నా?”

కట్టు కట్టిన చేతి ఫొటో కింద ఆ ఒక్క వాక్యం పెట్టి పంపేశాడు. ఇక తెర మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి అందరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఒక్క బొమ్మ కూడా రాలేదు.

“నవ్వురా ఇగ,” అన్నాడాయన, ఫోన్‌తోనే. “నవ్వు.”