దిగితే సైకిల్ కాదు

పోలీసు చర్య ముగిసిన మరుసటి ఏడాది నన్ను సికింద్రాబాద్‌లో రోడ్ల విభాగానికి బదిలీ చేసి, రద్దీ లెక్కల పని అప్పగించారు. హోదా సర్వేయరు. చేసేది మాత్రం కూడలిలో నిలబడి వచ్చేపోయే బండ్లకు గీతలు గీయడం. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. బోయిగూడలో మా నాయన కిరాణా దుకాణంలో బస్తాలు లెక్కపెట్టిందీ ఇట్లాగే. విద్య చిన్నప్పుడే వచ్చింది, సర్కారు గుర్తించడమే ఆలస్యమైంది.

మొదటి పని లాలాగూడ రోడ్డు. పొద్దున పూట ఆ దారి నిండా రైల్వే వర్క్‌షాపుకు పోయే కార్మికుల సైకిళ్లే. బస్సులకు అడ్డమొస్తున్నాయని, పొద్దున పూట అక్కడ సైకిల్ తొక్కడం నిషేధించాలని ఒక ప్రతిపాదన ఉంది. లెక్కలో సైకిళ్లు ఎక్కువ తేలితే అది వీగిపోతుంది, తక్కువ తేలితే దారి మూసుకుంటుంది. మూసుకుంటే కార్మికులు ఊరంతా చుట్టి రావాలి. పొద్దుటి సైరన్ కూత ఆగేలోపు లోపలికి పోకపోతే వర్క్‌షాపు గేటు మూసేసేవాళ్లు, ఇక ఆ రోజుకు పని లేనట్టే. అంటే నా గీతల మీద వాళ్ల అన్నం ఆధారపడి ఉంది.

నిబంధన ఏమిటంటే, తొక్కుతూ పోయేవాడు సైకిళ్ల పద్దులోకి, దిగి నడిపించుకుంటూ పోయేవాడు పాదచారుల పద్దులోకి వస్తాడు. అందులో తప్పేమీ లేదు. తప్పంతా కుర్చీలో ఉంది.

పర్యవేక్షణకు వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు గారు పరాయి రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చినవారు. సూటు, తెల్ల టోపీ. సరిగ్గా కూడలి అంచున కుర్చీ వేయించుకుని, వెనక జవాను గొడుగు పట్టగా కూర్చున్నారు. నిజాం రాజ్యంలో పుట్టి పెరిగిన జనం అధికారి ముందు సైకిల్ మీద పోతారా? అది బేఅదబీ. రాజ్యం మారినా ఆ సంగతి ఇంకా కాళ్లకు తెలియలేదు. దూరం నుంచే టోపీ చూసి టపటపా దిగడం, ఒక చేత్తో సైకిల్ నడిపిస్తూ ఇంకో చేత్తో సలాం కొట్టడం, కుర్చీ దాటాక మళ్లీ ఎక్కడం. పాదచారుల పద్దులో గీసీ గీసీ నా పెన్సిల్ అరిగింది. సైకిళ్ల పద్దు మాత్రం కార్తీక మాసంలో చేపల కొట్టులా ఉంది.

ఎరిగిన ఫిట్టరు మల్లేశు కనబడితే, దిగకుండా తొక్కుకుంటూ పొమ్మని గుసగుసగా చెప్పాను.

“ఏందన్నా, గంత పెద్ద సాబ్ కూసుంటే తొక్కుకుంట పొమ్మంటవ్? నన్ను జైల్ల ఏపిస్తవా?” అని ఇంకో సలాం ఎక్కువ కొట్టి పోయాడు.

దిగనిది ఒక్కరే, రైల్వే బడిలో ఈ కార్మికుల పిల్లలకు చెప్పే గ్రేసమ్మ టీచరు. కోస్తా నుంచి వచ్చి బోయిగూడలో స్థిరపడిన క్రైస్తవుల ఇంటి ఆవిడ, మా దుకాణానికి పాత గిరాకీ. బేరంలో నన్ను ఓడించిన అతి కొద్దిమందిలో ఒకరు. గంట కొడుతూ వచ్చి, “ఏమండీ, గొడుగు కింద పెళ్లికొడుకు ఎవరు?” అని నన్నడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు.

ఇంజనీరు గారు మాత్రం, ఈ ఊళ్లో సైకిళ్లు తక్కువేనయ్యా, మర్యాద మాత్రం ఎక్కువ అని మురిసిపోయారు.

దుకాణదారు గుమ్మంలో నిలబడి గుడ్లప్పగించి చూస్తే గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. మా నాయన అందుకే బస్తాల చాటున కూర్చుని చూసేవాడు. ఆ తెలివితో నేను ఇంజనీరు గారితో బేరం మొదలుపెట్టాను. ముందు లెక్క మొత్తం కొట్టేయమన్నాను. కుదరదన్నారు. పోనీ, కుర్చీ ఆ దర్జీ కొట్టు లోపలికి జరపమన్నాను. ప్రభుత్వ అధికారి దర్జీ కొట్టులో దాక్కోవాలా అన్నారు. కనీసం టోపీ అయినా తీయమన్నాను. కొసరుగా తలకాయ అడిగినట్టు చూశారు.

రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే, సర్వేయరు పని గీతలు గీయడమే, అభిప్రాయాలు చెప్పడం కాదని ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. ఎదురుగా పారుతున్న ఏరును చూస్తూ ఇక్కడ నీళ్లు లేవని రాయించారు నాతో! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నెల తిరక్కుండానే ‘సైకిల్ తొక్కరాదు’ అని బోర్డులు లేచాయి.

బోర్డులు లేచిన సాయంత్రమే, నేను కొట్టులో కూర్చుని ఉండగా, గ్రేసమ్మ టీచరు చక్కెరకని మా దుకాణానికి వచ్చారు. తూకం అయ్యాక నిబంధన మొత్తం ఆవిడకు వినిపించాను. కొసరు అనుకోండి.

మరుసటి పొద్దున కార్మికులంతా పెందలాడే బయల్దేరి, బోర్డు దగ్గర సైకిళ్లు దిగి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రోడ్డు నిండా నడిపించుకుంటూ వచ్చారు. ముందు వరుసలో గ్రేసమ్మ టీచరు, ఆవిడా దిగే నడుస్తున్నారు. వెనక బస్సు హారన్ కొట్టీ కొట్టీ అలసిపోయింది. బోర్డులు ఎలా పనిచేస్తున్నాయో చూద్దామని నన్ను వెంటబెట్టుకుని వచ్చిన ఇంజనీరు గారు జీపు దిగి ఏమిటిదని కేకలేశారు.

“పాదచారులమండీ,” అన్నారావిడ. “అనుమానముంటే మీ సర్వేయరును అడగండి.”

ఆయన నావైపు చూశారు. “పాదచారులే సార్. మీరు రాయించిందే,” అన్నాను.

వెనక నుంచి మల్లేశు గొంతు: “జెర బస్సుకు సుత చెప్పుండ్రి సాబ్, నడిచేటోళ్లకు దారియ్యమని!”

ఆ వారంలోనే నిషేధం ఎత్తేశారు. దస్త్రంలో రాసిన కారణం, పాదచారుల రద్దీ. సైకిళ్లు ఆ దస్త్రంలోకి చివరిదాకా రానేలేదు.

తర్వాత ఎన్ని కూడళ్లలో లెక్కలు తీసినా, పద్దుల కాగితం కన్నా ముందు కుర్చీ ఎక్కడ వేశారో చూసేవాణ్ని. లెక్కపెట్టేవాడిని చూసి జనం నడక మార్చుకుంటే, కాగితం మీద పడేది వాళ్ల లెక్క కాదు, వాడి లెక్క.