తిన్నవా చిన్నమ్మా?

కుర్రవయసులో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది, తియ్యగా మాట్లాడే ఫోను ఒక్కటుంటే చాలు, మనుషుల అలవాట్లన్నీ బాగుపడతాయని. వనపర్తిలో ఒక మెడికల్ షాపు పైన అద్దె గదిలో కూర్చుని ముగ్గురం స్నేహితులం, షుగరు ఉన్నవాళ్లకు తోడుండే ఫోను నేస్తాన్ని తయారుచేస్తుండేవాళ్లం. వేళకు పలకరించి తిండీ, గోళీ గుర్తుచేయడం దాని పని. (మా తిండి మాత్రం పొద్దున మిర్చి బజ్జీలు, సాయంత్రం మళ్లీ మిర్చి బజ్జీలు.) దాన్ని మొదట పరీక్షించడానికి దొరికింది కొల్లాపూర్‌లో మామిడితోట కౌలుకు పట్టిన మా చిన్నమ్మ, ఆమెకూ షుగరే. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నేనేం చేసినా కాదనదని నా ధీమా.

రోజూ మధ్యాహ్నం నేస్తం ఆడగొంతుతో అడిగేది, "చిన్నమ్మా, భోజనం చేశారా?" అని. "ఆ, తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా?" అనేది చిన్నమ్మ. దానికి మేం జవాబు నేర్పలేదు. "చాలా మంచిది, ఇప్పుడు గోళీ వేసుకోండి" అనేది నేస్తం. ఆమె వేసుకునేది. నా కంప్యూటర్‌లో ఆమె పేరు పక్కన పచ్చరంగు వెలిగితే నేను తెగ మురిసిపోయేవాణ్ణి.

కాయ కోతలప్పుడు ఒకనాడు చిన్నమ్మ తోటలోనే కళ్లు తిరిగి పడిపోయింది. నేను దవాఖానకు పరుగెత్తేసరికి గ్లూకోజు ఎక్కుతోంది. ఖాళీ కడుపు మీద గోళీ వేసుకోవడంతో షుగరు బాగా పడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. నాకు ఏడుపొచ్చింది.

"తిన్ననని ఎందుకు చెప్పినవ్ చిన్నమ్మా?"

"కోతల పనిల తిండి యాదికి లేకపాయె. అయినా అడిగినోళ్లకు తినలేదని ఎట్ల చెప్తంరా? పాపం, ఆ ఫోన్ల పిల్ల నాకోసం పొయ్యి ముట్టియ్యాలె గద! అది తిన్నదో లేదో ఎన్నడన్న చెప్పిందా? నాకు అదే పరేషాన్!"

మర్నాటి నుంచి ఆ పిల్లకు సెలవిచ్చి నేనే రోజూ ఫోన్ చేసేవాణ్ణి. "తిన్నవా చిన్నమ్మా?" "లేదురా. నువ్వు?" "నేను గూడ తినలే." "అయితే కంచం పెట్టుకో, ఇద్దరం తిందం." అటునుంచి గిన్నెల చప్పుడు వినిపించేది. "జర మెల్లగ తిను, ఎవరన్న గుంజుకుంటున్నరా?" అని మధ్యలో నాకు తిట్లు. కొన్నాళ్లకు మా గది మూతపడింది గానీ, చిన్నమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఫోను మాత్రం ఆగలేదు.

ఇప్పుడు షుగరు నా వంతు. (తిన్న బజ్జీలు ఎక్కడికి పోతాయి!) ఎవరో తయారుచేసిన నేస్తం నా ఫోనులో మధ్యాహ్నం కాగానే "భోజనం చేశారా?" అంటుంది. ఎంత ఆకలి మీదున్నా "ఆ, తిన్న" అనేస్తాను. అక్కడితో నోరు ఊరుకోదు, "నువ్వు తిన్నవా?" అని కూడా అడుగుతాను. అది గోళీ సంగతి ఎత్తుకుంటుంది. నా తెలివికి నాకే నవ్వొస్తుంది, చిన్నమ్మ కావాలనిపిస్తుంది. లేచి కంచంలో అన్నం పెట్టుకుని కూడా, ఇద్దరం తిందమని ఆమె అనేదాకా ఆగేవాడిలా కాసేపు అలాగే కూర్చుంటాను.