బాబాయి పడుకున్న ఆరు గంటలు

ఆపరేషన్‌కు బయలుదేరేముందు మా అక్క రాజరాజేశ్వరి మా పురుగుమందుల కొట్లో రైతు మాబు సాహెబ్‌కి పత్తి మందు డబ్బా అందిస్తూ, "ముక్కుకి గుడ్డ కట్టుకో సాయిబూ. నీకేమన్నా అయితే మీ ఆవిడ నా జుట్టు పట్టుకుంటుంది" అంది. తాళాలు నాకిచ్చింది. "మూడు రోజుల్లో వచ్చేస్తా. ఒక మందుకి ఇంకో మందిచ్చి ఎవర్నీ చంపకురా."

అది 2001. చిలకలూరిపేటలోనే ఒక చిన్న నర్సింగ్‌హోమ్. అపెండిక్స్.

అంతకు రెండేళ్ళ ముందు జక్రయ్యగారనే మానవశాస్త్ర పరిశోధకుడు మా ఇంటికొచ్చి వంశవృక్షం గీశాడు. మగవాళ్ళకు త్రికోణాలు, ఆడవాళ్ళకు సున్నాలు, మేనరికాలకు జంట గీతలు. మా కాగితం నిండా జంట గీతలే.

"మీ వైశ్యులు తరతరాలుగా మీలో మీరే చేసుకుంటున్నారు కదండీ. అందుకే కొన్ని కుటుంబాల్లో రక్తంలో ఒక పదార్థం పుట్టుకతోనే తక్కువ. మామూలుగా దానివల్ల ఏ జబ్బూ రాదు. కానీ ఆపరేషన్‌కి కండలు సడలడానికిచ్చే ఒక ఇంజెక్షన్‌ని విరగ్గొట్టేది అదే. అది తక్కువైతే గంటల తరబడి కండలు కదలవు, ఊపిరి కూడా సొంతంగా ఆడదు. పురుగుమందులు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మీ ఇంట్లో మత్తిచ్చాక ఆలస్యంగా లేచినవాళ్ళు ఉన్నారా?"

ఉన్నాడు. మా బాబాయి జానకిరామయ్య. గుంటూరులో హెర్నియా కోశాక ఆరు గంటలు ఊపిరి మిషన్ మీద శవంలా పడుకుని, లేచి కాఫీ అడిగాడు. ఇంట్లో అదొక నవ్వులాట. కానీ ఆ వారమే మేనమామ కూతురితో నాకు తాంబూలాలు. రక్తంలో లోపముందంటే మామ వెనక్కి తగ్గుతాడు. అక్క నా వైపు చూసి, "మా ఇంట్లో అందరూ కోడికంటే ముందే లేస్తారండీ" అంది. అందరం నవ్వాం. జక్రయ్యగారు రక్తం తీసుకుంటానంటే వద్దన్నాం.

నర్సింగ్‌హోమ్‌లో డాక్టరు కూడా అదే అడిగాడు. పక్కన అక్కని చేసుకున్న బావ, వాళ్ళ అమ్మ ఉన్నారు. ఉందంటే రెండేళ్ళనాడు దాచింది వాళ్ళ ముందు బయటపడుతుంది. "అలాంటివేం లేవండీ" అన్నాను.

కోత అయిపోయింది. అక్క ఊపిరి తీసుకోలేదు. అక్కడ మిషన్ లేదు. నర్సు రెండు గంటలు ఊపిరి అందించే రబ్బరు సంచి నొక్కుతూనే ఉంది. డాక్టరు అక్క కళ్ళలో టార్చి వేసి, "మెదడు పోయినట్టుంది. గుంటూరు దాకా ఇలా నొక్కుకుంటూ వెళ్ళినా లాభం ఉంటుందని చెప్పలేను" అన్నాడు.

బాబాయి గుర్తొచ్చాడు. ఇప్పుడు చెబితే ఇందాకటిది అబద్ధమని తేలుతుంది.

"ప్రాణం లేని మనిషిని ఊళ్ళు తిప్పడమెందుకు? ఇంటికి తీసుకెళదాం. ఏమంటావ్?" అన్నాడు బావ.

"నీ ఇష్టం బావా" అన్నాను, అక్క తల దగ్గర నిలబడి.

నర్సు చెయ్యి తీసేసింది.

ఐదేళ్ళకు బాబాయి పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, "ఆ ఆరు గంటలూ నీకేమీ తెలియలేదు కదా బాబాయ్" అన్నాను.

"తెలియకపోవడమేంట్రా? వేలు కూడా కదల్లేదు గానీ, మీ పిన్ని ఏడుపు, వార్డుబాయ్ పాడిన సినిమా పాట, అన్నీ వినపడుతూనే ఉన్నాయి."