తాబేలుకు వేగం పెంచి ఆదిలాబాద్ పోయిన

మా అక్క భర్త సుధాకర్ బావ దుబాయ్‌ల క్రేన్ నడుపుతడు. రెండేండ్ల సంది ఆయన డ్యూటీ దిగినంక ఇద్దరం ఫోన్లల్ల జోడీగా మాన్‌స్టర్ల పోరాటం ఆట ఆడుతున్నం. ఈసారి ఆయన సెలవుల్నే ఆదిలాబాద్‌ల జోడీల పోటీ పడ్డది. గెలిస్తే వచ్చే ఆదివారం హైదరాబాద్‌ల ఫైనల్, ఆ మర్నాడే బావ విమానం. ఒక్కసారన్న పక్కపక్కన కూసోని ఫైనల్ ఆడాలని ఆయన కోరిక. అందుకే బయలుదేరినం.

కరీంనగర్‌ల పొద్దున ఐదున్నర బస్సెక్కినం. సుల్తానాబాద్, పెద్దపల్లి దాటి మంచిర్యాల చేరెసరికి ఏడున్నర దాటింది. అక్కడ ఉట్నూరు మీదుగ పోయే బస్సు మారినం. రెండు బస్సులకు కలిపి మనిషికి నాలుగు వందల చిల్లర. నాకు మాత్రం నిలువ కాలు నిలుస్తలేదు, కూసున్నా మోకాలు ఆడుతనే ఉంది. జర నిమ్మలంగ కూసోమని బావ రెండుసార్లు చెప్పి, ఆయన హాయిగ నిద్రపోయిండు. లక్సెట్టిపేటల చాయ్‌కు ఆపినప్పుడు, జన్నారం దాటితే సిగ్నల్ ఉండదు, ఫోన్లేమన్న ఉంటే ఇప్పుడే చేసుకోండ్రని డ్రైవర్ చెప్పిండు. పోటీకి జట్టును పది గంటల్లోపు పంపాలె, పంపినంక మార్చరాదు. నా చెయ్యి ఊకుంటదా!

ఈ ఆట తెలియనోళ్లకు జర చెప్తా. ప్రతి మాన్‌స్టర్‌కు దెబ్బ, ఓర్పు, వేగం అని అంకెలుంటయి. కొత్తోళ్లు పెద్ద అంకె చూసి మురుస్తరు. కానీ ఏది ఏ పని చెయ్యాలన్నది అంకె ఒక్కటే తేల్చదు. దానికి ఏ విద్యలొస్తయి, పక్కన జోడీ ఎవరు, అదీ చూడాలె. కబడ్డీల కూతకు పోయెటోడు వేరు, మూలకు నిలబడి కాలు పట్టెటోడు వేరు. నా తాబేలు దెబ్బ ఘోరంగ ఉంటది, వేగం అందరికంటె తక్కువ. బావ గుడ్లగూబకు ఒక విద్య ఉంది. అది వేస్తే వరుస తిరగబడి, నిదానమైనదే ముందు కొడుతది. అంటే తాబేలుకు ఆ తక్కువ వేగమే ఆస్తి.

ఇదంత నాకు తెలుసు. తెలిసి కూడ, గుడ్లగూబ ముందే పడిపోతే తాబేలు అందరికంటె ఆఖరికి కొడుతది కదా అనుకున్న. ఓర్పు కొంత తగ్గించి వేగానికి కలిపిన, జట్టు పంపేసిన. జన్నారం దాటినంక సిగ్నల్ పోయింది. అడవి, మలుపులు ఎంత బాగున్నయో అందరు అంటరు, నేను ఏం చూడలే. బావను లేపుదామనుకున్న, తిడుతడని లేపలే.

పన్నెండు దాటినంక ఆదిలాబాద్‌ల దిగినం. బస్టాండ్ దగ్గరి మెస్సుల జొన్న రొట్టె తిన్నం. వండే ఆమె దాన్ని భాకరి అంటది, ఇంకోటి వేసుకోమని బతిమాలింది, నేను ఒద్దని లేచిన.

పోటీ ఒక ఫంక్షన్ హాల్ల. మొదటి రెండు ఆటలు గెలిచినం, వాళ్లయన్నీ జోరుగ ఉరికే మాన్‌స్టర్లే, తాబేలే ఇంకా నిదానం. సెమీఫైనల్ల ఊరి కాలేజీ పిల్లలిద్దరు ఒక దున్నపోతును దింపిండ్రు. బావ గుడ్లగూబతోని వరుస తిప్పి, నా దిక్కు చూసి నవ్విండు. దున్నపోతు ముందు కొట్టింది. ఒక్క దెబ్బకు తాబేలు పోయింది, ఆట పోయింది. దాని వేగం మా తాబేలు కంటె రెండే తక్కువ. పాత అంకె ఉంచి ఉంటే మేమే ముందు కొడుతుంటిమి.

"మన తాబేలు కదరా ముందు కొట్టాల్సింది?" అన్నడు బావ.

"బస్సుల వేగం పెంచిన బావా. నువ్వు పండుకున్నప్పుడు."

 బావ పోయి ఆ పిల్లలతోని చేతులు కలిపి వచ్చిండు.

"పెంచితె పెంచినవ్. నన్నెందుకు లేపలే?"

  ఓడినందుకు కాదు, ఆ నిదానాన్ని నమ్ముకున్న మనిషికి చెప్పకుండ మార్చినందుకు సిగ్గయితది. అంకెలు చూసుడు ఎవరికైన వస్తది. ఉన్నదానితోని ఊకుండుడే నాకు రాలే. ఆ ఆదివారం ఫైనల్‌ను బావ మా ఇంట్ల ఫోన్‌ల చూసిండు, తెల్లారి విమానమెక్కిండు.

ఈ దారిన పోటీకి పోయెటోళ్లు మంచిర్యాలల్నే జట్టు ఖాయం చేసుకోండ్రి. పక్కసీటోడు నిద్రల ఉంటే లేపి అడగండ్రి. తిడితే తిట్టనియ్యండ్రి.