కోర్టు విడిచిపెట్టినా కదలని లైసెన్సు

ఉద్యోగ విరమణకు ముందటి వేసవి నాటికి, జిల్లా పడమటి అంచున ఉన్న ఒక చిన్న రవాణా కార్యాలయంలో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా నాకది నాలుగో ఏడు. అక్కడ లైసెన్సింగ్ అథారిటీని కూడా నేనే. అంటే లైసెన్సు ఇచ్చేదీ నేనే, లాక్కునేదీ నేనే. ఆ రెండో అధికారం మీద నాకు కాస్త మమకారం ఎక్కువ. ఎవరేమడిగినా సెక్షన్ నంబరుతో మొదలుపెట్టేవాణ్ని. సిబ్బంది నన్ను నడిచే చట్టం అంటున్నారని విని, పొగడ్తే అనుకున్నాను.

ఓబులేసుది కుందుర్పి వైపు. లారీ డ్రైవరు. ఒక మనిషి చనిపోయిన ప్రమాదం కేసులో కింది కోర్టు అతనికి శిక్ష వేసింది. గుద్దింది ఆ లారీయేనని రుజువు కాలేదంటూ పై కోర్టు దాన్ని కొట్టేసింది. తాడిపత్రి దగ్గర ఒక ఫ్యాక్టరీవాళ్లు తమ బస్సుకు డ్రైవరుగా రమ్మన్నారు. పది రోజుల్లో లైసెన్సు చూపించాలి. మా కంప్యూటరులో మాత్రం ఇంకా ‘రద్దు’ అనే ఉంది.

“కోర్టే నన్ను ఇడ్సిపెట్టినాది సార్. మీ కంప్యూటరు యాల ఇడ్సదు?” అన్నాడు.

తీర్పు ధ్రువీకృత నకలు లేనిదే ఏమీ చేయనని చెప్పి, ఎందుకు చేయకూడదో పావుగంట బోధించాను. నాలుగు రోజులకు నకలు తెచ్చాడు. రద్దు ఎత్తేసినట్టు కోర్టు నుంచి విడిగా ఉత్తరం కావాలన్నాను. అలాంటి ఉత్తరం ఒకటి ఉంటుందో లేదో నాకే తెలియదు. గొంతు మాత్రం అన్నీ తెలిసినవాడిదే.

మూడోసారి భార్య మారెక్కతో వచ్చాడు. ఆమె రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. కోర్టు తరఫున చేయాల్సింది ఇంకేమీ లేదని అక్కడి గుమాస్తా చెప్పాడట.

“కోర్టు చేసిన రద్దును నేనెట్లా తీస్తానమ్మా?” అన్నాను.

ఆమె ఒక మడత కాగితం బల్ల మీద పెట్టింది. “ఇది కోర్టుది కాదు సార్. మీ ఆఫీసు నుంచి పోస్టులో వచ్చినాది. కింద సంతకం ఎవరిదో సూడండి.”

నాదే.

కింది కోర్టు శిక్ష వేసినప్పుడు, ఆ తీర్పును ఆధారం చేసుకుని, చట్టం నాకిచ్చిన సొంత అధికారంతో నేను విడిగా లైసెన్సు రద్దు చేశాను. చేసి మరిచిపోయాను. శిక్ష పోయినా నా ఉత్తర్వు దానంతటది పోదు. నేను వేసింది నేను తీయలేను కూడా. పై అధికారికి అప్పీలు చేసుకోవాలి, దాని గడువు ఎప్పుడో దాటిపోయింది.

“ఈ మాట మొదటి రోజే చెప్పుంటే ఏం సార్?” అంది మారెక్క. సెక్షన్ నంబరు ఎత్తకుండా ఇద్దరికీ కుర్చీలు చూపించాను.

అప్పీలు నేనే దగ్గరుండి రాయించాను. ఆలస్యానికి నా అజాగ్రత్త కూడా కారణమని, గడువు దాటినా తీసుకోమని జత ఉత్తరం పెట్టాను. “ఇట్లా రాస్తే మీకే మెమో వస్తాది సార్” అన్నాడు మా సీనియర్ అసిస్టెంటు. వచ్చింది. మూడు వారాలకు ఓబులేసు లైసెన్సు కూడా వచ్చింది. ఫ్యాక్టరీ బస్సు అప్పటికే మరొకరి చేతికి పోయింది. అతను నీళ్ల ట్యాంకరుకు కుదిరాడు. క్షమించమని అడిగితే, “పోనీలే సార్, బండి తోల్తాండా గదా” అన్నాడు.

శిక్షను కొట్టేసిన తీర్పు, లైసెన్సు రద్దు చేసిన ఉత్తర్వును దానంతటదే కొట్టేయదు. ఆ ఉత్తర్వు ఎవరిదో తెలుసుకుని, తీర్పు నకలుతో గడువులోగా దాని మీద అప్పీలుకు వెళ్లాలి. ఎవరిదో వెతికి చెప్పడం మాత్రం వచ్చినవాడి పని కాదు, కౌంటరు లోపల కూర్చున్నవాడి పని. ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత, ఫైలు తెరిచి చూడటం నేర్చుకున్నాను.