తూకం దగ్గర దొంగాట

టైలరమ్మది గట్టి నోరు. గౌను బిగుతైందని ఎవరైనా వస్తే, "నా కత్తెరనంటావేం, నీ ఒళ్ళు చూసుకో!" అనేసేది. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక కూడా ఆ నోరు తగ్గలేదు. వారానికి మూడుసార్లు ఆసుపత్రికెళ్ళి, డయాలసిస్ మిషన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకునేది. "చాకిరేవుకి వెళ్ళొస్తానే" అని కూతురితో చెప్పి మరీ బయల్దేరేది.

ఇంతలో యుద్ధం వచ్చిపడింది. జనరేటర్‌కి పోసే డీజిల్లో సగం, మందుల్లో సగం గాయపడ్డ సైనికులకే అన్నారు. కాదనడానికి నోరెలా వస్తుంది? టైలరమ్మ అల్లుడూ సరిహద్దులోనే ఉన్నాడాయె. మిగిలిన సగాన్ని మామూలు రోగులకి పంచే పని డాక్టరుగారి నెత్తిన పడింది. ముసలివాళ్ళని ఆపేసి వయసులో ఉన్నవాళ్ళని చూసుకోమని పైనుంచి ఎవరో సలహా కూడా ఇచ్చారట. "ఆ పని నా చేతుల్తో చెయ్యను" అని ఆయన వేరే పద్ధతి పెట్టాడు. మిషన్ ఎక్కేముందు అందరూ తూకం చూసుకోవాలి. ఒంట్లో నీరెక్కువ చేరినవాళ్ళకి ఎక్కువసేపు, తక్కువ చేరినవాళ్ళకి తక్కువసేపు. ముసలీ ముతకా, చిన్నా పెద్దా తేడా లేదు.

ధర్మంగానే ఉంది కదా! అలాగే సాగిపోయేది, కొత్తపిల్ల రాకపోయుంటే.

ఆ పిల్ల ఊళ్ళో ఆసుపత్రి బాంబులకి కూలిపోయింది. కాలేజీకి పోవాల్సిన వయసు, మొహం ఉబ్బి కళ్ళు కూడా సరిగా తెరుచుకోవడం లేదు. వచ్చీ రాగానే టైలరమ్మని, "పిన్నీ, నీకు బాగా నొప్పెడుతోందా?" అని అడిగింది. అంతే, ఆ గట్టిమనిషి కాస్తా కరిగిపోయింది. ఉన్న మిషన్లు ఉన్నవాళ్ళకే చాలడం లేదు, దీనికి టైం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మర్నాటి నుంచీ దొంగాట మొదలుపెట్టింది. తూకం యంత్రం గుమ్మం పక్కనే ఉండేది. సిస్టర్ అటు తిరగ్గానే గుమ్మానికి మోచెయ్యి ఆనించి, బరువు దానిమీద మోపి నిలబడేది. కిలోన్నర హాంఫట్! "నీళ్ళు బాగా తగ్గించావే అమ్మా" అని సిస్టర్ మెచ్చుకుంటే, "మరేమనుకున్నావ్! నాలిక తడుపుకోవడం, అంతే" అని కోతలు కోసేది. తనకి తగ్గిన టైం పిల్లకి పోతుందని ఆవిడ సంబరం. ఇంటికొచ్చాక మాత్రం పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. కూతురు అడిగితే కసిరేది.

ఒకరోజు మధ్యాహ్నం అంచు కుడుతూ కుడుతూ ఊపిరందక ఒరిగిపోయింది. కూతురు లబోదిబోమంటూ ఆసుపత్రికి తెచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయింది, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. కుర్చీతో సహా తూకం చూస్తే, ముందురోజు అంకెకీ దీనికీ పొంతనే లేదు.

"నిన్ననే కదా మిషనెక్కింది! ఒక్కరోజులో ఇంత నీరెలా చేరుతుంది?" అన్నాడు డాక్టరు.

మిషన్ మీదున్న కండక్టరు గొంతు సవరించుకున్నాడు. బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన పెద్దమనిషి. "చెల్లెమ్మ గుమ్మం పట్టుకుని తూగుతోందండీ. నాకెలా తెలుసంటే... నేనూ అదే చేస్తున్నాను."

"నేను కిటికీ ఊచ పట్టుకుంటానండీ" అన్నాడు అవతల మంచం మీది బేకరీ ఆయన.

కొత్తపిల్ల బావురుమంది. "నేనూనండీ. నావల్ల వీళ్ళ టైం తగ్గిపోతోందని..."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్ళన్నమాట, గదినిండా!

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఎవరికీ నీరు చేరడం లేదు, టైం మిగులుతోంది కదా అని పొద్దున్నే ఒక మిషన్ని సైనికుల వార్డుకిచ్చేశాను. కాళ్ళు నలిగి, దాంతో కిడ్నీలూ దెబ్బతిన్న కుర్రాడు దానిమీదున్నాడు. ఇప్పుడు వెళ్ళి లాక్కురానా? ఇదా మీ మంచితనం? నిజం చెబితే కదా నేను న్యాయంగా పంచేది!"

కండక్టరు చెయ్యి చాపాడు. "ముందు నన్ను విప్పండి సార్. చెల్లెమ్మని ఎక్కించండి."

ఎక్కించారు. తర్వాత ఒక్కొక్కరూ చేతులు పైకెత్తి తూగారు, సిస్టర్ కాపలా ఉండగా. నిజం తూకాలు చూసి డాక్టరు అందరికీ తలా అరగంట కోత పెట్టి, ఆ టైమంతా టైలరమ్మకిచ్చాడు. ఈసారి దాపరికం లేదు. అందరినీ అడిగే చేశాడు, అందరూ సరేనన్నారు.

సాయంత్రానికి గుండెలమీద బండ దిగింది. అమ్మయ్య, ఊపిరి! టైలరమ్మ కళ్ళు తెరిచి చూసేసరికి కూతురు పాదాలు నిమురుతోంది, కండక్టరు కుర్చీలో కునుకు తీస్తున్నాడు, కొత్తపిల్ల మంచం పక్కనే నిలబడి ఉంది. ఇచ్చేటప్పుడు ఎంత దర్జాగా ఇచ్చిందో, పుచ్చుకునేటప్పుడు అంతగా ఏడుపొచ్చింది ఆవిడకి. వీళ్ళెవరు, తానెవరు! ఏ జన్మలో చేసుకున్న పుణ్యం ఇది!

"నీ అరగంట కూడా తినేశానే" అంది. "తిరిగివ్వలేను తల్లీ."

"ఇవ్వకు పిన్నీ" అంది పిల్ల. "ఉండు. అది చాలు."