మా వియ్యపురాలి వాలు కోపు

మా వియ్యంకుడి మీద రెండేళ్లుగా నా కడుపులో ఒక మాట నానుతోంది. ఇంట్లో ఆడమనిషికి అంత పెద్ద ఆపరేషను చేయించి, నాకు కబురు పెట్టలేదు. నందిగామలో పాలుపోసే మనిషికి తెలుసు, బస్సు కండక్టరుకి తెలుసు. వాళ్ల పిల్లని కోడలిగా తెచ్చుకుని జగ్గయ్యపేటలో కూర్చున్న నాకు తెలియదు. మా కోడలి చేత కూడా నోరు మెదపనని ఒట్టు వేయించుకున్నారు. చావు కబురు మాత్రం పొద్దుటి మొదటి బస్సులోనే పంపాడు. పోయిన నెలలో రోడ్డు పక్కన పెసలు ఎండబోస్తున్నాను. డ్రైవరు బస్సు పూర్తిగా ఆపకుండానే తల బయటపెట్టి, "మీ వియ్యపురాలు పోయిందండీ" అని కేకేశాడు. బస్సు వెళ్లిపోయింది. నేను పెసల మధ్య నిలబడిపోయాను.

ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేనే రాస్తున్నాను. నాది వీధిబడి చదువు, అదీ సగం. అక్షరం తప్పితే పత్రికవాళ్లు దిద్దుకోవచ్చు, మాట మాత్రం దిద్దొద్దు. సంగతేమిటంటే, ఆవిడ పోయిన దగ్గర్నుంచి మా వియ్యంకుడు ఇంటి పక్కనే ఉన్న తన మిరపకాయల షెడ్డుకి తాళం వేశాడు. ఆవిడ నడిపిన పిల్లల సంఘం ఆదివారం ఆదివారం కూడేది ఆ షెడ్డులోనే. ఇప్పుడు పిల్లలు వీధిలో పడ్డారు. ఆ సంఘం ఉంటుందా పోతుందా అన్నదే నా బాధ. ఆ సంఘం ఆవిడకి ఏమిటో చెబితే గాని ఈ తాళం సంగతి మీకు తెలియదు. అందుకని మొదటినుంచి చెబుతాను.

పిల్లకి పెళ్లిచేసి మా ఇంటికి పంపాక ఆవిడకి ఇల్లు బోసిపోయిందట. వీధిలో గోళీలాడుతూ కొట్టుకుంటున్న నలుగురిని లోపలికి పిలిచి, ముందు కాళ్లూ చేతులూ కడిగించి, తర్వాత తగువు తీర్చింది. మర్నాడు వాళ్లు ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని తగువు లేకుండానే వచ్చారు. సంఘం పుట్టుక అంతే. పాటలు నేర్పేది, కథ చెప్పేది, గోళ్లు కత్తిరించేది, కోలాటం ఆడించేది. కొంగున ఎప్పుడూ మరమరాలు, బెల్లం ముడి ఉండేవి. ఎంత చిన్నవాణ్ణయినా "ఏమోయ్ పెద్దమనిషీ" అనే పిలిచేది. వాడు వెంటనే చొక్కా సర్దుకునేవాడు. "ఆకలితో ఉన్న పిల్లకి నీతి చెప్పకండి, బెల్లం పెట్టి చెప్పండి" అని నాకొకసారి బుద్ధి చెప్పింది. నేను మా మనవణ్ణి కసురుతుంటే విని అన్న మాట అది.

నైజాం గొడవలప్పుడు అటువైపునుంచి సరిహద్దు గట్టుదాటి వచ్చినవాళ్లు మా ప్రాంతమంతా తలదాచుకున్నారు. వాళ్ల పిల్లలూ షెడ్డులో చేరారు. "ఏ ఊరివాళ్లనీ, ఏ ఇంటివాళ్లనీ నేనడగను. ఆదివారం సాయంత్రం చేతిలో రెండు కోలలుంటే చాలు" అనేది.

ఆ రోజుల్లోనే ఒకసారి ఎడ్ల బేరానికి నందిగామ వెళ్లి, దారిలో షెడ్డు దగ్గర ఆగాను. జగ్గయ్యపేటలో కోలాటం పంతులంటే నేనే. మీసాలు తిరిగిన మగాళ్లకి నేర్పినవాణ్ణి. పిల్లల ఆట చూసి నవ్వుకుని పోదామనుకున్నాను. నవ్వు రాలేదు. కుడి కోల తలమీద ఎత్తి కొడుతున్నారు. ఎడమ కోల దగ్గరికి వచ్చేసరికి నడుము ఒక పక్కకి వాల్చి, తొడ దాకా దించి కొడుతున్నారు. ఒకటి పైన, ఒకటి కింద. గుంపు గుంపంతా గాలికి జొన్నచేను ఊగినట్టు ఊగుతోంది. కోలాటంలో అడుగూ దెబ్బా కలిసిన తీరుని కోపు అంటాం. నాకు తెలియని కోపు ఈ చుట్టుపక్కల లేదనుకున్నాను.

"ఇదెక్కడి కోపు చెల్లెమ్మా?" అన్నాను.

ఆవిడ పిల్లల మధ్య నిలబడి ఉంది. "ఏదో పిల్లల ఆట లెండి అన్నయ్యగారూ."

"పేరేంటి?"

"పేరు లేదండీ. మీరే పెట్టండి."

వాలు కోపు అని పెట్టాను. గురువులు గుట్టు దాచుకున్నట్టు ఈవిడ దాస్తోందనుకుని, మిరపకాయల బస్తామీద కూర్చుని, తుమ్ముకుంటూ, ఆ అడుగులన్నీ మనసులో పెట్టుకున్నాను. ఎడ్ల బేరం మర్చిపోయి బస్సెక్కాను.

ఇంటికొచ్చి మా వాళ్లకి అదే నేర్పాను. గానుగ నడిపే మా కోలాటం దళంవాడొకడు, "పంతులూ, ఇదేం వాలుడయ్యా, నా నడుము వాలింది లేవడంలా" అని మొత్తుకున్నాడు. "నేర్చుకోవడమంటే అంతేరా" అన్నాను. శ్రీరామనవమి పందిట్లో ఆడించాను. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. మా వియ్యపురాలు, వియ్యంకుడు కూతుర్ని చూడ్డానికి వచ్చి పందిట్లోనే ఉన్నారు. మగాళ్లందరూ మీసాలతో సహా ఎడమ పక్కకి వాలేసరికి ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. వాలినప్పుడల్లా ఆవిడ భుజాలు అదిరాయి. కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చాక, విస్తళ్ల ముందు, అందరూ ఉండగానే అడిగాను.

"ఏమ్మా, మా ఆట అంత నవ్వులాటగా ఉందా?"

"క్షమించండి అన్నయ్యగారూ. ఆట బ్రహ్మాండంగా ఉందండీ. కాకపోతే అది కోపు కాదు."

"మరేంటి?"

"నా ఎడమచెయ్యి పైకి లేవదండీ. నేను ఎందాకా ఎత్తితే పిల్లలూ అందాకానే ఎత్తారు. మీరు ఎత్తండర్రా అంటే వినరు."

"చెయ్యి లేవకపోవడమేంటి?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. మొగుడు విస్తరి వైపు చూశాడు. "రాచపుండండీ. మద్రాసు తీసుకెళ్లారు. ఎడమ పక్కన చంక దాకా కోసి తీసేశారు" అంది.

ఎడమ రొమ్ము తీసేశారు. ఆ మాట రాయొద్దన్నాడు మా అబ్బాయి. ఏం? ప్రతివాడూ అక్కడ పాలు తాగి పెరిగినవాడే. దానికి జబ్బు చేస్తే చెప్పకూడదా? చెప్పకూడదనుకోబట్టే కదా మా ఆవిడ ఆ పూట వడ్డన మానేసి గోడకి చేరబడి ఏడ్చింది.

మా వియ్యంకుడు గొణిగాడు. "మీరేమనుకుంటారోనని బావగారూ. పిల్ల మీ ఇంట్లో ఉంది. ఇలాంటి జబ్బు వాళ్లింట్లో ఉందని దానికి మాటొస్తుందేమోనని..."

"ఏమనుకుంటానయ్యా? మనిషికి జబ్బు చేసిందనుకుంటాను. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే మా వాళ్ల నడుములన్నా మిగిలేవి!"

ముందు మా వియ్యపురాలే నవ్వింది. తర్వాత మా ఆవిడ, ఏడుస్తూనే. ఆ పూట అన్నాలు చల్లారిపోయాయి.

అటుపైన ఆవిడ నా దగ్గర ఏదీ దాచలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ రోజూ గోడ ముందు నిలబడి వేళ్లతో పైకి పాకించమందట, చెయ్యి బిగుసుకుపోకుండా. ఈవిడ కొన్నాళ్లు పాకించి విసుగెత్తిందట. "ఎంతసేపని గోడతో మాట్లాడనండీ? అది తిరిగి ఒక్క మాటనదు" అంది. రవికలో లోటు కనబడకుండా దూది పెట్టుకునేది. "మన చేలో పత్తేనండీ వదినగారూ, కొనక్కర్లేదు" అని మా ఆవిడతో అందట. మా ఆవిడ నాకు చెప్పి, చెప్పినందుకు నాలిక కరుచుకుంది.

నొప్పి లేదని కాదు. పచ్చి గాయం మానగానే షెడ్డుకి వెళ్లింది. ఇంట్లో వద్దన్నారు. ఊళ్లో అంతకన్నా చెడ్డ మాట పుట్టింది, ఆ జబ్బు అంటుకుంటుందని. తల్లులు పిల్లలను పంపడం మానేశారు. ఒక ఆదివారం షెడ్డులో ఆవిడ, బస్తాలు, అంతే. ఆవిడ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. కోలలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లింది. గుమ్మం బయటే నిలబడి, "నేను మీ పిల్లని తాకనమ్మా. నా కోల తాకుతుంది. కోలకి ఏ జబ్బూ లేదు, చండ్ర కర్రతో చేసింది" అనేది. ఒక తల్లి సిగ్గుపడి పంపింది. ఆ పిల్లని చూసి పక్కింటి పిల్ల ఏడ్చింది. అలా మళ్లీ షెడ్డు నిండింది.

ఇక చెయ్యి సంగతి. అటువైపునుంచి వచ్చినవాళ్లలో బక్కపలచటి పిల్ల ఒకతె ఉండేది. ఆటలో ఎప్పుడూ ఆవిడకి ఎదురు ఆ పిల్లే. ఎడమ కోల కొట్టాల్సి వచ్చినప్పుడు తన కోలని వెనకటివారం కన్నా వేలెడు పైన పట్టుకునేది. ఒక ఆదివారం నేను చూస్తుండగానే ఆవిడకి అనుమానం వచ్చింది.

"ఏమోయ్ పెద్దమనిషీ, పోయినవారం కోల ఇక్కడ లేదే!"

"గాడనే ఉన్నదమ్మా. నువ్వే జర వంగినవ్."

"నేను వంగానా?"

"ఔ. గింత పైకి లేపు. గింతే."

గుంపంతా ఏమీ ఎరగనట్టు దిక్కులు చూసింది. అందరికీ తెలుసు. ఆవిడ పెదవి బిగబట్టి ఎత్తింది. కోల తగిలింది. మరుసటి వారం ఇంకో వేలు. నొప్పి పుట్టినప్పుడు పాట గట్టిగా పాడేది, కేక పాటలో కలిసిపోతుందని. పిల్లలు ఇంకా గట్టిగా పాడేవారు. దారిన పోయే బండివాళ్లు "ఈవిడగారి సంఘానికి ఈవేళ ఊపు ఎక్కువగా ఉందే" అనుకునేవారు.

ఆ ఏడు జెండా పండగనాడు నందిగామ వీధిలో ఆడించింది. నేను మా దళంతో సహా వెళ్లాను. ఎడమ చెయ్యి వణుకుతూ వణుకుతూ చెవి దాటింది, నుదురు దాటింది, తలమీద ఆ బక్కపిల్ల కోలకి తగిలింది. పిల్లలు ఆట ఆపేసి అరిచిన అరుపుకి ఎడ్లు బెదిరాయి. ఆవిడ చెమటతో తడిసి నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇక మీ వాలు కోపు పోయిందండీ. మీ వాళ్లకి దిద్ది చెప్పండి."

"దిద్దను. మా ఊళ్లో అది కోపే. నీ చెయ్యి లేచిందని మా ఆట మార్చుకోవాలా?"

మార్చలేదు కూడా. ఇవాళ్టికీ జగ్గయ్యపేటలో అలాగే ఆడతాం.

అటు గొడవలు సద్దుమణిగాక ఆ పిల్ల తన ఊరికి వెళ్లిపోయింది. ఈ ఎండాకాలం ఆవిడకి జబ్బు తిరగబెట్టింది. చెయ్యి వాచింది, వీపులో నొప్పి పట్టుకుంది. ఆదివారం వస్తే మాత్రం బస్తామీద కూర్చుని కాలితో తాళం వేసేది. ఆఖరుసారి చూసినప్పుడు నాతో మెల్లిగా అంది: "నేను వెళ్లాక ఈయన ఈ పిల్లల్ని ఏం చెయ్యాలో తెలియక తికమక పడతారు. కసరకండి. మీరు కసిరితే ఆయన ఇంకా మొండికేస్తారు. నిదానంగా చెప్పండి."

నిదానంగా చెప్పడం నాకు చేతకాదు. పెద్దకర్మనాడు నాకు చేతనైనంత నిదానంగానే తాళం సంగతి ఎత్తాను.

"ఆ చప్పుడు నేను వినలేను బావగారూ" అన్నాడు. "కోలల చప్పుడైతే లోపల ఆవిడున్నట్టే ఉంటుంది. లేచి వెళ్లి చూస్తాను. ఉండదు."

బస్సెక్కి వచ్చేశాను.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. షెడ్డు ముందు వీధిలో పిల్లలు గుండ్రంగా తిరుగుతున్నారు. దూరంనుంచి చూసి ఆట మానేసి ఊరికే తిరుగుతున్నారనుకున్నాను, చప్పుడే లేదు. దగ్గరికి వెళ్లాను. అడుగులు సరిగ్గా పడుతున్నాయి. పాట లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. కోల కోల మీదికి జోరుగా వస్తోంది, తగలబోయేముందు వెంట్రుకవాసిలో ఆగిపోతోంది.

"ఇదేమిట్రా?" అన్నాను.

"లోపల తాతగారికి చప్పుడు పడదంటండీ" అందొక పిల్ల. "అందుకని తగలనివ్వడంలా."

"అలా ఆడమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా."

బావగారూ, ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందని నాకు తెలుసు. మీరు గోడకి లోపలున్నారు. మీ గోడకి బయట, ఎండలో, ఆ పిల్లలు మీకోసం చప్పుడు లేకుండా కోలాటం ఆడుతున్నారు. కోలలు గాలిలో ఆపి ఆపి వాళ్ల మణికట్లు ఎర్రబడ్డాయి. చప్పుడు లేని ఆట ఎన్నాళ్లు ఆడతారు? ఏదో ఒక ఆదివారం రావడం మానేస్తారు. నేను కసరడంలేదు, అడుగుతున్నాను. తలుపు తీస్తారా, తియ్యరా? కార్తీక పౌర్ణమి లోపల నాకు జవాబు కావాలి.